అంగడివానిని అడిగిన ప్రశ్న

(గుడియాత్తములో జరిగిన మన సంఘ మాస సమావేశమున, సంఘ ప్రముఖులైన వర్తకులొకరు చేసిన ప్రసంగ పాఠము)



మాది వ్యాపారము. చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. కందిపప్పు ధర యేమి, మినుముల ధర యేమి అని అడిగినచో తడుముకొనక చెప్పగలము. చలనచిత్రములను గూర్చి సభలో మాటలాడుటకు మాకేమి అర్హత కలదని మీలో కొందరికి తోచవచ్చును. మాకును తోచినది. అయినను క్రిందటి మాసమున వేలూరులో మన సంఘ యువకులు హంగేరీ దేశపు చిత్రమొకటి తెరపై చూపిరి. గుడియాత్తము నుండి మేము పదునొకండుగురము పోయి చూచితిమి. తిరిగి వచ్చునప్పుడు బస్సులో ఒక పెద్దమనిషి, "ఇంత దూరదేశపు యుద్ధము కథ మనకెందుకయ్యా? అంగడివానికి యుద్ధముతో నేమి పని?" అనినారు. అందరును నవ్విరి. మేము మాత్రము నవ్వలేకపోతిమి. ఏలయన ఆ చిత్రములోని ముఖ్యపాత్రలు రాజులు కారు, సేనాపతులు కారు. మనవంటి అంగడివారే. నవ్వలేకపోవుటకు కారణమేమో చెప్పుడని యువకులు పట్టుబట్టుటచేత ఈనాడు మీ యెదుట నిలిచితిమి.

ఆ చిత్రము పేరు "ఐదవ ముద్ర". ఫెరెన్త్స్ శాంతా అను రచయిత 1963లో వెలువరించిన నవలను ఆధారముగా గొని జోల్తాన్ ఫాబ్రి అను దర్శకుడు 1976లో దానిని చిత్రముగా నిర్మించెను. 1977లో మాస్కో అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున దానికి స్వర్ణ బహుమానము లభించినది. క్రైస్తవుల వేదగ్రంథములో కడపటిదియైన ప్రకటన గ్రంథమున ఏడు ముద్రల ప్రస్తావన కలదు. ఐదవ ముద్ర విప్పబడినప్పుడు, సత్యము కొరకు చంపబడినవారి ఆత్మలు బలిపీఠము క్రిందనుండి మొరపెట్టుకొనునట. పేరు అందుండి వచ్చినది.

కథాకాలము 1944వ సంవత్సరము. ఆ యేడు అక్టోబరు 15వ తేదీన హంగేరీలో హిట్లరు పక్షమువారగు "బాణపు శిలువ" దళమువారు అధికారమును చేజిక్కించుకొనిరి. రాజధాని బుడాపెస్టు నగరమున మనుష్యులను ఇండ్లనుండి లాగుకొనిపోవుట నిత్యకృత్యమైనది. రాత్రులు దీపములార్పి కూర్చుండు రోజులవి. అట్టి దినములలో ఒక చిన్న పానశాలలో నలుగురు కూడుచుందురు. ఒకడు గడియారములు బాగుచేయువాడు, ఒకడు పుస్తకములు అమ్మువాడు, ఒకడు వడ్రంగి, నాలుగవవాడు ఆ పానశాల యజమాని. మన బజారువీధిలో సాయంకాలము దీపము పెట్టినపిదప, బేరములు పలుచబడిన వేళ, ఒక అంగడి అరుగుపై నలుగురు చేరి లోకాభిరామాయణము చెప్పుకొనరా? అచ్చముగా అదియే. సరుకు దొరకని కాలమున మాంసము ఎట్లు సంపాదించితినో, ఎట్లు వండింతునో అని పుస్తకముల వర్తకుడు చెప్పుచుండగా మాటలు సాగును. యుద్ధముతో మనకు జోక్యము లేదు, మన పని మనము చూచుకొందుము అని అందరి మనస్సులలోను ఒకటే మాట.

వారి నడుమకు ఐదవవాడొకడు వచ్చి కూర్చుండును. యుద్ధమున గాయపడి వచ్చిన ఛాయాచిత్రకారుడు. అప్పుడు గడియారముల పనివాడు గ్యురిత్స ఒక ప్రశ్న వేయును. ప్రశ్న ఇది.

ఒక ద్వీపమున ఒక నిరంకుశ ప్రభువు కలడు. అతని వద్ద ఒక బానిస. ప్రభువు బానిసను పెట్టని హింస లేదు. నాలుక కోయించును, వాని బిడ్డలను చెరచును, చంపించును. అయినను ప్రభువు మనస్సునకు ఏ బాధయు లేదు. ఆ కాలమున ప్రభువులు చేయునది అదియే గనుక తాను తప్పుచేయుచున్నానని అతడెరుగడు. బానిసకు ఒక్కటే ఊరట: "ఇన్ని కష్టములు నాకు కలిగినవి గాని, నేను ఎవరికిని కీడు చేయలేదు, పాపము వారిది, నాది కాదు." ఇప్పుడు మీరు ఐదు నిమిషములలో మరణింతురు. మరల పుట్టవలెను. ప్రభువుగా పుట్టెదరా, బానిసగా పుట్టెదరా? మూడవ దారి లేదు.

ఛాయాచిత్రకారుడు ఆలోచించి, "నేను బానిసగా పుట్టుదును" అనును. తక్కినవారు నమ్మరు, పరిహసింతురు. ఆ అవమానము మనస్సున పెట్టుకొని అతడు మరునాడు వారిపై పోలీసు దళమునకు ఫిర్యాదు చేయును. బానిసగా పుట్టెదనన్నవాడే నలుగురిని యమకింకరుల చేతికప్పగించినాడు! నోటితో సత్పురుషుడగుట ఎంత సులభమో ఈ ఒక్క ఘట్టము చెప్పుచున్నది.

నడుమ ఒక రాత్రి గడచును. ఎవరి యింట వారెట్లున్నారో చిత్రము మనకు చూపును. వడ్రంగి నిద్రపట్టక ఆ ప్రశ్నతోనే పెనగులాడును. పానశాల యజమాని, ఏ పక్షము గెలిచినను తన దుకాణము నిలుచుటకు ఎవరెవరికి ఎంతెంత ముట్టజెప్పవలెనో లెక్కలు వేసికొనును. అతనిని చూచి మేము ఉలికిపడితిమి. ఆ లెక్క మాకు తెలియని లెక్క కాదు. ఇక గడియారముల పనివాని యింట ఏమున్నది? అరలు అరలుగా పిల్లలు. తలిదండ్రులను సైనికులు లాగుకొనిపోగా దిక్కులేనివారైన పిల్లలను అతడు రహస్యముగా దాచి పెంచుచున్నాడు. పానశాలలో ఈ మాట ఒక్కనాడును అతని నోట రాలేదు.

మరునాడు నలుగురిని పట్టుకొనిపోయి కొట్టుదురు. తుదకు ఒక గదిలో, చిత్రహింసలచేత కొనప్రాణముతో వ్రేలాడుచున్న ఒక మనుష్యుని చూపి, "వీని చెంపపై రెండు దెబ్బలు కొట్టినవాడు ఇంటికి పోవచ్చును" అందురు. కొట్టవలెనా, మానవలెనా? వడ్రంగి ముందునకు పోయియు చేయెత్తలేక కూలిపోవును. లెక్కలు వేసికొన్న పానశాల యజమాని కూడ కొట్టలేకపోయెను. కొట్టినవాడు ఒక్కడే. గడియారముల పనివాడు. కొట్టి, బయటపడి, బాంబులు పడి కూలుచున్న వీథులలో తూలుచు ఇంటివైపు నడచును. అక్కడ పిల్లలున్నారు. తాను చచ్చినచో వారికి దిక్కులేదు.

ఇంతే కథ. అతడు చేసినది పాపమా, పుణ్యమా? మహాభారతము విని పెరిగినవారము మనము. ధర్మము సూక్ష్మమని భీష్మాచార్యులంతటివారు నిండు సభలో చెప్పి ఊరకున్నారు. ఈ చిత్రము కూడ తీర్పు చెప్పదు. మనము చెప్పవలెనని వదలివేయును.

ఈ నవలాకర్తను గూర్చి మనవంటివారు ప్రత్యేకముగా తెలిసికొనవలసిన సంగతి ఒకటి కలదు. మొదటి ప్రపంచయుద్ధానంతరము 1920లో జరిగిన ట్రియానాన్ సంధి ననుసరించి హంగేరీ తన భూభాగములో దాదాపు మూడింట రెండు వంతులు పోగొట్టుకొన్నది. ముప్పది లక్షలకు పైబడిన హంగేరీ భాషీయులు ఒక్కసారిగా పరాయి రాష్ట్రములలో అల్పసంఖ్యాకులైరి. వారు ఊరు విడువలేదు, ఇల్లు విడువలేదు. సరిహద్దు గీతయే వారిని దాటిపోయినది. శాంతా 1927లో రుమేనియాకు చేరిన బ్రాషోవు పట్టణమున అట్టి హంగేరీ కుటుంబమున జన్మించెను. 2008లో బుడాపెస్టున మరణించెను. అనగా ఈ కథ చెప్పినవాడు మనవలెనే భాషా అల్పసంఖ్యాకుల బిడ్డ. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు కొన్ని తాలూకాలు అటు, గుడియాత్తము, వేలూరు ఇటు నిలిచిన చరిత్ర మనది. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి మదరాసు రాష్ట్రమున చేరినప్పుడును అటువంటి గీతయే. కావున ఆ మనుష్యుడు మనకు మరీ దూరపువాడు కాడు.

పెద్దలారా! "మన తెలుగువారిలో ఇట్టి చిత్రము లేదా?" అని యువకులను అడిగితిమి. ఒకరు "ఉన్నది, మా భూమి" అనిరి. మేము చూడలేదు. 1979లో నిర్మింపబడి 1980లో ప్రదర్శనకు వచ్చిన చిత్రమది. అప్పటికి మేము లోకమెరుగని పసివారము. పిదప తెప్పించుకొని రెండు మారులు చూచితిమి.

అదియును నవలనుండి పుట్టినదే. కిషన్ చందర్ అను సుప్రసిద్ధ ఉర్దూ రచయిత, తెలంగాణ రైతుల సాయుధ పోరాటమును గూర్చి "జబ్ ఖేత్ జాగే" అను నవల వ్రాసెను. పొలములు మేల్కొన్నప్పుడు అని దాని భావము. ఆ నవలలో ఉరికంబమెక్కవలసిన ఒక యువకుడు చెరసాలలో కడపటి రాత్రి తన జీవితమును తలపోసికొనును. దాని నాధారముగా గొని బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలుగా, గౌతమ్ ఘోష్ అను వంగదేశీయుడు తెలుగులో చిత్రమును తీసెను. అది అతని తొలి కథాచిత్రము. రామయ్య పాత్రను సాయిచంద్ ధరించెను. పోరాటమున ప్రాణములర్పించిన బండి యాదగిరి కట్టిన పాటను గద్దరు అందులో పాడెను. గ్రామములలోని సామాన్యులు కూడ అనేకులు అందు నటించిరి. రంగులు లేవు, నృత్యములు లేవు. నలుపు తెలుపుల చిత్రము. అయినను హైదరాబాదులో ఉదయపు ఆటలుగా బహుకాలము నడచినది.

కథ క్లుప్తముగా చెప్పెదము. నిజాము రాజ్యమున ఒక పల్లె. దొర గడీ. రైతు వీరయ్య కుమారుడు రామయ్య. తాను వలచిన పిల్ల దొరకు వశము కావలసివచ్చినదని తెలిసి అతని మనస్సు విరిగి ఊరు విడచును. సూర్యాపేటకు, అటనుండి హైదరాబాదునకు పోవును. రిక్షా లాగును, కర్మాగారమున పనిచేయును. అక్కడ మక్బూల్ అను కార్మిక నాయకుని స్నేహము లభించును. చదువు నేర్చును. లోకము తెలిసికొనును. తిరిగి పల్లెకు వచ్చి రైతులతో కలసి గడీపై తిరుగబడును. భూములు పంచుదురు. 1948 సెప్టెంబరులో భారత సైన్యము ప్రవేశించి నిజాము పాలన ముగిసినది గదా! పారిపోయిన దొర ఆ వెనుక తెల్లటోపీ పెట్టుకొని మరల ఊరిలోనికి వచ్చును. పోరాటము ఆగదు. రామయ్య నేలకొరగును.

మీలో వ్యాపారస్థులు అధికులు గనుక ఒక సంగతి చెప్పుట మా విధి. వెట్టి చాకిరి యనిన పాలేర్లకు మాత్రమే సంబంధించినదని మేము అనుకొని యుంటిమి. కాదు. ఆ దేశమున చాకలి, మంగలి, కుమ్మరి, సాలె, గొల్ల, ఎవరి వృత్తిపని వారు దొరకును అధికారులకును ఉచితముగా చేయవలసియుండెను. కోమటి కూడ బియ్యము, నెయ్యి, పప్పు, నూనె పైకము లేకుండ పంపవలసియుండెను. అధికారి ఊరికి వచ్చెనా, అంగడివాని గుండె జారిపోవును. అట్లయిన, "అంగడివానికి యుద్ధముతో నేమి పని" అని బస్సులో అడిగిన పెద్దమనిషికి అక్కడనే సమాధానము దొరికినది. తూకము కట్టిన చేతికే తెలియును, వెల లేని తూకము ఎంత బరువో.

ఈ రెండు చిత్రములను ప్రక్క ప్రక్కన పెట్టి చూడుడు. గడియారముల పనివాడు, "ప్రభువా, బానిసా? మూడవ దారి లేదు" అనెను. తెలంగాణ పల్లెవారు తరతరములుగా ఆ బానిస చెప్పుకొన్న ఊరటతోనే బ్రతికిరి: మేము ఎవరికిని కీడు చేయలేదు, దేవుడు చూచుచున్నాడు. 1946 జూలై 4వ తేదీన కడవెండి గ్రామమున దొర మనుష్యుల తుపాకికి దొడ్డి కొమరయ్య బలియయ్యెను. అటుపిమ్మట ఆ ఊరట చాలకపోయినది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను తన యింటికే చేర్చుకొందునని దొరకు ఎదురు నిలిచెను. వీరు మూడవ దారిని త్రవ్విరి. ఆ దారి సుఖమైనదని మేము చెప్పుట లేదు. 1951 అక్టోబరులో పోరాటము విరమింపబడులోపల వేలకొలది ప్రాణములు పోయినవి. అందరును ఆ పోరాటమును మెచ్చుకొనవలెనని కూడ మా అభిప్రాయము కాదు. మా యింటిలోనే అన్నదమ్ములకు దీనిపై ఏకాభిప్రాయము లేదు. మా మాట యింతే. ఎవరైనను "రెండే దారులు" అని చెప్పినప్పుడు, ఆ మాటను తూచి చూడవలెను.

ఇక మన యూరి మాట. వేలూరు కోటను మనము చూడని వారము కాము. పండుగనాడు జలకంఠేశ్వరుని దర్శించి, అగడ్త గట్టున పిల్లలకు వేరుసెనగలు కొనిపెట్టి వత్తుము. 1806 జూలై 10వ తేదీన జరిగిన సిపాయిల తిరుగుబాటును అందరు నెరుగుదురు. అక్కడ స్తంభము కలదు. కాని అంతకు రెండు శతాబ్దములకు పూర్వము ఆ కోటలో జరిగిన మరియొక సంగతికి స్తంభము లేదు.

విజయనగర సామ్రాజ్యము క్షీణించుచున్న దినములలో ఆరవీటి రాజులకు వేలూరు రాజధానిగా నుండెను. 1614లో వేంకటపతిరాయలు మరణించిన వెనుక శ్రీరంగరాయలు సింహాసనమెక్కెను. అది ఓర్వలేని జగ్గరాయలు రాజును, రాణిని, పిల్లలను చెరలో పెట్టించెను. రాజపక్షమున నిలిచిన వెలుగోటి యాచమనాయకుడు వారిని విడిపించుటకు ఎన్నో ఉపాయములు పన్నెను. అందు ఫలించినది ఒక్కటే. లోపలికి బట్టలకై పోవు ఒక చాకలివాడు, పండ్రెండేండ్ల రాజకుమారుని మైలబట్టల మూటలో పెట్టి కావలివారి కన్నుగప్పి బయటికి చేర్చెను. అటుపిమ్మట మిగిలిన కుటుంబమంతయు చెరలోనే హతమైనది. ఆ మూటలోని బాలుడే తరువాత రామదేవరాయలుగా రాజ్యమేలెను. బరదాసు అను పోర్చుగీసు మతాచార్యుడు 1616లో వ్రాసిన లేఖలో ఈ వృత్తాంతము కలదు. జగ్గరాయని పేరున్నది, యాచమనాయకుని పేరున్నది. చాకలివాడు చాకలివాడుగానే యున్నాడు.

అయ్యలారా, ఆ మూట నెత్తిన పెట్టుకొని కోటవాకిలి దాటునప్పుడు అతని గుండె ఎట్లు కొట్టుకొన్నదో! కావలివాడు "మూట దింపుము" అనినచో అక్కడనే తల పోవును. అతనికిని యింట పిల్లలుండియుందురు. బుడాపెస్టున పిల్లలను దాచిన గడియారముల పనివాడు, వేలూరున పిల్లవానిని మోసిన చాకలివాడు, పాలకుర్తిలో పంట విడువని ఐలమ్మ, ఈ మువ్వురిని ఒక వరుసలో నిలిపి చూడుడు. కత్తిపట్టి గెలిచినవారు కారు వీరు. తమ వృత్తి పనిముట్ల నడుమ నిలిచి మనుష్యులుగా మిగిలినవారు.

ఇప్పుడు మా స్వంత విషయమొకటి చెప్పవలసియున్నది. చెప్పకయే ముగింపవచ్చును. కాని ఇంతదాక ఇతరుల ధర్మాధర్మములను తూచి, మా తక్కెడను దాచిపెట్టుట న్యాయము కాదు.

2020 మార్చి నెలలో దేశమంతయు మూతబడిన సంగతి మీరు మరువలేదు. ఆ వారము మా మండీలో కందిపప్పు నిలువ కొంత హెచ్చుగానే యున్నది. లారీలు రావు అను వార్త వచ్చినది. మేము ధర పెంచితిమి. కొన్నది పాత ధరకే. అమ్మినది క్రొత్త ధరకు. అందరును పెంచిరి, మేమును పెంచితిమి. మూడవనాడు ఒక నేతపని స్త్రీ వచ్చినది. మగ్గము నిలిచిపోయినది, లుంగీలు కొనువారు లేరు. ఆమె ఒక కిలో అడిగి, ధర విని, చేతిలోని నాణెములను మరల లెక్కపెట్టుకొని, అరకిలో పొట్లము కట్టించుకొని పోయినది. ఒక్క మాట అనలేదు. ఆమె మామగారి పద్దు మా తాతగారి చిట్టాలో నున్నది. మగ్గము ఆడని నెలలలో సరుకిచ్చి, ఆడిన నెలలలో పుచ్చుకొన్న పద్దు. అసలు ధరకు ఒక్క కాసు కూడ చేర్చని పద్దు.

ఆ రాత్రి మాకు మేము చెప్పుకొన్న సమాధానము: "మాకును పిల్లలున్నారు." నాలుగవనాడు పాత ధర వ్రాసిన పలక మరల బయట పెట్టితిమి. కాని ఆమె ఆ నెలలో రాలేదు. పిదప వచ్చినప్పుడు ఆమె ఏమియు అనలేదు, మేమును ఏమియు అనలేకపోతిమి.

వేలూరులో తెరపై గడియారముల పనివాడు చేయెత్తినప్పుడు మాకు ఆ పొట్లము జ్ఞాపకమునకు వచ్చినది. అతడును పిల్లలకొరకే కొట్టెను. మేమును పిల్లలకొరకే యనుకొంటిమి. భేదమేమన, అతని మాట నిజము. అతని యింట నిజముగా ఆకలిగొన్న, దిక్కులేని పిల్లలున్నారు. మా పిల్లలు ఆ రాత్రి కడుపునిండ తినియే నిద్రించిరి. ఒకే మాట ఒకని నోట సత్యమై, మరియొకని నోట సాకు కాగలదు. అంగడివానికి యుద్ధముతో పని యేమని అడుగుదురా? యుద్ధము మన అంగడికి రానక్కరలేదు. కరవు వచ్చును, వరద వచ్చును, రోగము వచ్చును. ప్రశ్న మాత్రము అదియే వచ్చి తక్కెడ యెదుట నిలుచును.

కడపట భాషను గూర్చి రెండు మాటలు. "మా భూమి" చూచునప్పుడు మాకు మరియొక సంతోషము కలిగినది. అందులోనివారు తెలంగాణ పల్లె తెలుగు మాటలాడుదురు. అంతకు ముందు వెండితెరపై ఆ యాసను ఎక్కువగా హాస్యగాండ్రకే యుంచిరి. ఇందులో కథానాయకుడే ఆ తెలుగులో ప్రేమించును, కోపించును, మరణించును. సరుకు కొరకు విజయవాడకు పోయినప్పుడు "మీది అరవ తెలుగండీ" అని నవ్వించుకొని తలవంచుకొన్న వర్తకులు ఈ సభలో ఎందరు లేరు? మేమును వంచితిమి. ఇక వంచనక్కరలేదు. ఏ తెలుగులో తల్లి అన్నము పెట్టెనో ఆ తెలుగుకు లోటు లేదు.

ఇంకొక సంగతి. నిజాము ప్రభుత్వపు భాష ఉర్దూ. తెలుగు రైతుల కష్టమును నవలగా వ్రాసినది ఉర్దూలో. చిత్రముగా తీసినవాడు వంగదేశీయుడు. కథలో రామయ్యకు కన్నులు తెరిపించిన స్నేహితుడు మక్బూలు. అనగా పీడించినది భాష కాదు. ఆదుకొన్నదియు ఒక్క భాష కాదు. తమిళదేశమున తరతరములుగా తలదాచుకొని, తమిళులతో వియ్యము కాకున్నను నెయ్యము పంచుకొని బ్రతుకుచున్న మనకు ఇది మంచి పాఠము. పొరుగు భాషను ప్రేమింతము. ఇంటి భాషను విడువకుందము. 2006 నాటి చట్టము ననుసరించి బడిలో మన పిల్లలకు తమిళము మొదటి భాషయైనది. వారు దానిని చక్కగా నేర్చుటయే మేలు. తెలుగు చదువు ఇంట మనము చెప్పవలసినది. బడిని తిట్టి ప్రయోజనము లేదు.

కావున సంఘమువారికి మా విన్నపములు రెండు. మొదటిది: రాబోవు సమావేశమున "మా భూమి"ని గుడియాత్తములోనే చూపవలెను. ఖర్చు మా అంగడి భరించును. పిల్లలను, ముఖ్యముగా తెలుగు మాటలాడగలిగియు చదువలేనివారిని, వెంట తీసికొని రావలెను. రెండవది: చూచిన పిదప ఒక్కొక్క బిడ్డ తన యింటి పెద్దవారిని ఒక్క ప్రశ్న అడుగవలెను. "మన యింట ఎవరైనను ఎవరినైనను దాచి కాపాడినారా? ఎవరికైనను తలవంచి పిదప బాధపడినారా?" దొరికిన సమాధానమును తెలుగులో వ్రాసి మన పత్రికకు పంపవలెను. తప్పులున్నను సరే. వ్రాయలేనివారు చెప్పినచో, వ్రాసిపెట్టుటకు మేము ఆదివారములలో మధ్యాహ్నము మూడు గంటలనుండి అంగడి వెనుకగదిలో కూర్చుందుము. కోట దాటిన చాకలివాని పేరు మనకు మిగులలేదు. మన తాతముత్తాతల పేర్లైనను మిగిలించుకొందము.

ఆ రాత్రి బస్సులో నవ్విన పెద్దమనిషి ఈ సభలో ముందు వరుసలోనే యున్నారు. వారు మా పితృసమానులు. వారి ప్రశ్నకు మాకు తోచిన సమాధానము చెప్పితిమి. తప్పులున్న మన్నించి, వారి యింటి కథను మొట్టమొదటిదిగా మన పత్రికకు దయచేయ ప్రార్థించుచున్నాము.